నెలసరి కాని రోజున ఎర్ర మరక కనిపిస్తే ఏం చేయాలి

నెలసరికి ఇంకా పది రోజులుంది. లోదుస్తుల మీద రూపాయి బిళ్లంత ఎర్ర మరక. ఇంట్లో చెబితే "వేడి చేసుంటుంది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు" అంటారు. విజయవాడ ఎండకీ గుంటూరు కారానికీ ఈ మాట ఇట్టే అతికిపోతుంది. నిజానికి ఎండ వల్లా, పచ్చడి వల్లా గర్భసంచిలోంచి రక్తం రాదు. సబ్జా నీళ్లు తాగితే నష్టమేమీ లేదు, అవి తాగేసి ఊరుకుంటేనే నష్టం.

ఇలా నెలసరి కాని రోజుల్లో కొద్దిగా రక్తం కనిపించడాన్ని డాక్టర్లు స్పాటింగ్ అంటారు. మన పెద్దవాళ్లు ఎర్రబట్ట అనేవారు. చాలాసార్లు ఇది చిన్న కారణంతోనే వస్తుంది. అయితే మరక చిన్నదని జబ్బు కూడా చిన్నదే అనుకోకూడదు. గర్భసంచికి పక్కనుండే ట్యూబులో నిలిచిన గర్భం మొదట రెండు చుక్కలతోనే బయటపడవచ్చు. గర్భసంచి క్యాన్సర్ కూడా అంతే. అందుకే ఎంత పోయిందనే దానికన్నా ఏ వయసులో, ఏ రోజున, దేని తర్వాత కనిపించిందనేదే ఎక్కువ చెబుతుంది. కింది పనులన్నీ ఆ లెక్క తేల్చుకోవడానికే.

మొదటి పని: ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లాలా?

ముందు ఇది తేలాలి. కింది వాటిలో ఏ ఒక్కటున్నా మిగతాది చదవడం ఆపి బయలుదేరండి. నడవలేని స్థితి ఉంటే 108కి ఫోన్ చేయండి.

- నెల తప్పింది, లేదా గర్భం ఉండే అవకాశం ఉంది. దాంతో పాటు పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, భుజం చివర నొప్పి, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం. కడుపులో రక్తం చేరితే అది ఊపిరితిత్తుల కింది పొరను రేపి భుజంలో నొప్పిగా తెలుస్తుంది. గ్యాస్ నొప్పి అనుకుని పడుకోబెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.
- గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, లేదా పది రూపాయల బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం. ఇది ఇక స్పాటింగ్ కాదు.
- ఐదో నెల దాటిన గర్భిణికి ఎంత కొద్దిగా రక్తం కనిపించినా.
- కాన్పు తర్వాతో, అబార్షన్ తర్వాతో రక్తంతో పాటు జ్వరం, దుర్వాసన.

గర్భిణిని బండి వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. ఆటోగానీ కారుగానీ అంబులెన్స్‌గానీ చూడండి. ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకుంటే మంచిది. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి.

రెండో పని: రక్తం ఎక్కణ్నుంచి వస్తోంది?

ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ, మూత్రంలో రక్తాన్నీ మొలల రక్తాన్నీ నెలసరి రక్తం అనుకుని వచ్చేవాళ్లు తక్కువేం కాదు. అరవై దాటిన వాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇంట్లో ఇలా చూసుకోవచ్చు. మూత్రానికి వెళ్లి, శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, కొత్త ప్యాడో తెల్లటి నూలుగుడ్డో పెట్టుకోండి. మళ్లీ మూత్రానికి వెళ్లకముందే దాని మీద మరక పడితే రక్తం యోని నుంచే వస్తోందనుకోవచ్చు. ప్యాడ్ శుభ్రంగా ఉండి, మూత్రం పోసేటప్పుడే ఎరుపు కనిపిస్తే మూత్ర పరీక్ష చేయించాలి, మంట ఉంటే మరీ త్వరగా. విరేచనం తర్వాత చుక్కలు చుక్కలుగా తాజా ఎరుపు పడితే అది మొలలో, మలద్వారం దగ్గర చీలికో అయి ఉండవచ్చు. ముందురోజు బీట్‌రూట్ కూర తిన్నారేమో గుర్తు తెచ్చుకోండి, కొందరిలో అది మూత్రాన్ని ఎర్రగా చేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మాత్ర మూత్రాన్ని నారింజ రంగులోకి మారుస్తుంది.

గర్భసంచి జారి బయటికి కనిపిస్తున్న పెద్దావిడలకు, బట్ట రాపిడికి దాని మీద పుండు పడి రక్తం వస్తుంది. జారకుండా రింగు పెట్టించుకుని ఏళ్లు గడిచినా మార్పించుకోకపోతే అక్కడా ఒరుసుకుని పుండవుతుంది.

మూడో పని: గర్భ పరీక్ష

"ఆ అవకాశమే లేదు" అని మనసుకి ఎంత గట్టిగా అనిపించినా, నెలసరి వచ్చే వయసులో ఉండి దాంపత్యం ఉన్న వాళ్లు ఈ పరీక్ష చేసుకోవాలి. కు.ని. ఆపరేషన్ అయినా, కాపర్ టి వేయించుకున్నా, పాలిస్తున్నా, నలభై ఐదు దాటినా ఇదే మాట. మన ప్రాంతంలో ఇద్దరు పిల్లలు పుట్టగానే చిన్న వయసులోనే ట్యూబులు కట్టించేసుకోవడం మామూలు. ఆ ఆపరేషన్ అరుదుగా విఫలమవుతుంది. విఫలమైనప్పుడు నిలిచే గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. "ఆపరేషన్ అయిపోయింది కదా" అనే ధీమాతో నెల తప్పడాన్నీ, చుక్కల్నీ, పక్క నొప్పినీ పట్టించుకోకపోవడం వల్ల ప్రాణం మీదికి వస్తుంది.

కిట్ ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, చీటీ అక్కర్లేదు. ఆశా కార్యకర్తను అడిగినా ఇస్తారు. పొద్దున లేవగానే పోసే మొదటి మూత్రాన్ని శుభ్రమైన పొడి గిన్నెలో పట్టండి. డ్రాపర్‌తో మూడు చుక్కలు గుంటలో వేసి, బల్ల మీద కదలకుండా ఉంచి ఐదు నిమిషాలు చూడండి. సి దగ్గర గీత పడితేనే కిట్ పనిచేసినట్టు. టి దగ్గర ఎంత పల్చటి గీత పడినా గర్భం ఉన్నట్టే లెక్క. అరగంట తర్వాత వచ్చి చూసి "గీత పడింది" అనుకోకండి, ఎండిన కిట్ మీద దొంగ గీత కనిపించవచ్చు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నెల తప్పక ముందే పరీక్షించడం, చెంబెడు నీళ్లు తాగి సాయంత్రం పూట చూడటం. లేదని వచ్చినా నెలసరి రాకపోతే మూడు రోజులాగి మళ్లీ చూడండి. కడుపునొప్పి ఉంటే మాత్రం ఆ మూడు రోజులు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పెళ్లి కాని అమ్మాయి విషయంలో కూడా డాక్టరు ఈ ప్రశ్న అడుగుతారు. అది అనుమానించడం కాదు, అందరినీ అడిగేదే. అమ్మ పక్కనుంటే నోరు పెగలదు కాబట్టి, "ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అని అమ్మాయే అడగవచ్చు.

నాలుగో పని: క్యాలెండర్ మీద లెక్క

గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ చాలు. నెలసరి మొదలైన రోజుకి సున్నా చుట్టండి. చుక్కలు కనిపించిన రోజున చిన్న గీత పెట్టండి. ఆ గీత పక్కన రంగు (ఎరుపు, గులాబీ, గోధుమ), ఎన్ని ప్యాడ్లు మార్చారు, ముందురోజు కలయిక జరిగిందా, ఏ మాత్ర వేసుకున్నారు అన్నది రెండు ముక్కల్లో రాయండి.

ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు లెక్కపెట్టాలి. రక్తం ఆగిన రోజు నుంచి లెక్కపెట్టేవాళ్లు చాలామంది, దాంతో లెక్క మొత్తం తప్పుతుంది. 24 నుంచి 38 రోజుల మధ్య వస్తూ, ఎనిమిది రోజుల్లోపు ఆగిపోతుంటే అది మామూలే. "నాకు నెలకి రెండుసార్లు వస్తోంది" అని కంగారుపడే వాళ్లలో కొందరికి ఉన్నది ఇరవై ఐదు రోజుల చక్రం, అంతే. ఒకటో తేదీన వచ్చింది ఇరవై ఆరున మళ్లీ వస్తుంది. ఒకే నెల పేజీలో రెండు సున్నాలు, జబ్బేమీ లేదు.

ఐదో పని: కనిపించిన సమయాన్ని బట్టి కారణం వెతకడం

*సరిగ్గా నెల మధ్యలో.* అండం విడుదలయ్యేటప్పుడు హార్మోన్లు ఒక్కసారి తగ్గి, గులాబీ రంగు మరక ఒకటి రెండు రోజులు కనిపించవచ్చు. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి దాదాపు పద్నాలుగు రోజుల ముందు. 28 రోజుల చక్రమైతే పద్నాలుగో రోజు, 35 రోజులదైతే ఇరవై ఒకటో రోజు ప్రాంతం. క్యాలెండర్‌లో మీ గీత ప్రతిసారీ ఆ దగ్గరే పడుతుంటే, నొప్పి, వాసన లేకపోతే, దానికి మందు అక్కర్లేదు.

*నెలసరికి ముందో, తర్వాతో రెండు రోజులు.* గోధుమ రంగు మరక ఎప్పుడో ఒకసారి కనిపిస్తే పాత రక్తం బయటికి వస్తున్నట్టే. ప్రతి నెలా నాలుగైదు రోజులు అలాగే సాగితే గర్భసంచిలో పాలిప్ (లోపలి పొరలో పెరిగే చిన్న పిలక), గడ్డ, థైరాయిడ్ తేడా, పిసిఓఎస్ (అండాశయాల హార్మోన్ల తేడా) వంటివి చూడాలి. సిజేరియన్ అయిన వాళ్లలో కొందరికి కుట్టు దగ్గర గోడ పల్చబడి చిన్న గుంట ఏర్పడుతుంది. నెలసరి రక్తం కొంత అక్కడ నిలిచిపోయి తర్వాత కొద్దికొద్దిగా కారుతుంది. సిజేరియన్లు ఎక్కువైన ఈ రోజుల్లో ఇది గుర్తుంచుకోదగ్గ కారణం. స్కాన్ చేసేవారికి మీ సిజేరియన్ సంగతి ముందే చెప్పండి.

*నెల తప్పిన తర్వాత.* పిండం గర్భసంచి గోడకు అతుక్కునేటప్పుడు కొద్దిపాటి మరక ఒకటి రెండు రోజులు కనిపించవచ్చు. అది నెలసరి రావాల్సిన రోజుల దగ్గర్లోనే పడుతుంది కాబట్టి "ఈసారి తక్కువ వచ్చింది" అనుకుంటారు, తర్వాత నెలల లెక్క తప్పుతుంది. మొదటి మూడు నెలల్లో నాలుగో వంతు గర్భాల్లో రక్తం కనిపిస్తుంది, వాటిలో సగానికి పైగా గర్భాలు నిలుస్తాయి కూడా. కాబట్టి చుక్క కనపడగానే అంతా అయిపోయిందని ఏడవనక్కర్లేదు. అలాగని ఇంట్లో పడుకుని చూద్దామనీ అనుకోవద్దు. గర్భం సంచిలో ఉందో లేదో స్కాన్‌లో తేలాలి. ఐదు వారాలకే స్కాన్ చేస్తే ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు గర్భం హార్మోను ఎంతుందో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్త పరీక్ష 48 గంటల తేడాతో రెండుసార్లు చేసి, అంకె ఎలా మారుతోందో చూస్తారు. రెండో పరీక్ష ఎగ్గొట్టవద్దు, మొదటి అంకె ఒక్కటే ఏమీ చెప్పదు.

మీ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే డాక్టరు గదిలోకి వెళ్లగానే ఆ మాట చెప్పండి. అవసరమైతే యాంటీ-డి ఇంజెక్షన్ రక్తం కనిపించిన 72 గంటల్లోపు ఇస్తారు.

ఆరు, ఏడు నెలల్లో నొప్పి లేకుండా తాజా ఎరుపు కనిపిస్తే మాయ కిందికి ఉందేమో అనుమానించాలి. స్కాన్ చూడకుండా లోపల చేత్తో పరీక్ష చేయనివ్వకూడదు, వేలు తగిలితే రక్తం ధారగా రావచ్చు. కడుపు రాయిలా బిగిసి నొప్పితో రక్తం వస్తే మాయ ముందే విడిపోతుండవచ్చు, అది ఇంకా తొందర. నెలలు నిండాక జిగురులో రక్తపు చార కలిసి రావడం మాత్రం కాన్పు దగ్గరపడిందనడానికి గుర్తు. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. రక్తం కనిపించిన వాళ్లు ఆ తొమ్మిదో తేదీ కోసం కాచుకుని కూర్చోకూడదు.

*గర్భనిరోధక సాధనం మొదలుపెట్టాక.* మాలా-ఎన్ వంటి రోజువారీ మాత్రల్లో మొదటి మూడు నెలలు చుక్కలు కనిపించడం మామూలు. రోజూ ఒకే వేళకి వేసుకోకపోవడమే చాలామందిలో కారణం. రాత్రి అన్నం తిన్నాక అని పెట్టుకుంటే మర్చిపోరు. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. చుక్కలు కనిపించాయని మాత్ర ఆపేస్తే రక్తం ఇంకా వస్తుంది, గర్భమూ నిలవవచ్చు. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడుతున్న వాళ్లలో ఈ గర్భనిరోధక మాత్ర సరిగా పనిచేయదు. వాళ్లలో స్పాటింగ్ దానికి హెచ్చరిక కావచ్చు, వేరే పద్ధతి అడగండి.

మూడు నెలలకోసారి ఇచ్చే అంతరా ఇంజెక్షన్‌తో మొదట్లో అడ్డదిడ్డంగా మరకలు పడి, పోను పోను నెలసరే ఆగిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది రెండో డోసుకి రారు. కాపర్ టితో మూడు నుంచి ఆరు నెలలు మచ్చలు పడవచ్చు. అంతకు మించితే దారం ఉందో లేదో, అది జారిందో చూపించుకోవాలి. అత్యవసర మాత్ర, అదే కలయిక తర్వాత 72 గంటల్లో వేసుకునేది, తర్వాత కొద్దిరోజుల్లో మరక చూపించవచ్చు. అది నెలసరి కాదు, మాత్ర పనిచేసిందనడానికి రుజువూ కాదు. నెలసరి వారం ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయాల్సిందే.

*పండక్కి వాయిదా వేసుకున్నప్పుడు.* ఇది మన బెజవాడ వైపు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన సంగతి. దసరాకి ఇంద్రకీలాద్రి ఎక్కాలి, తిరుమలకి టికెట్లయ్యాయి, ఇంట్లో పెళ్లి, వ్రతం. మందుల షాపులో "నెలసరి వాయిదా మాత్ర" అనగానే నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాములది చేతికిచ్చేస్తారు. డాక్టరు సాధారణంగా దీన్ని నెలసరి రావాల్సిన రోజుకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి, రోజుకి మూడుసార్లు వేసుకోమంటారు. ఆపిన రెండు మూడు రోజులకి నెలసరి వస్తుంది. చుక్కలు ఎందుకు పడతాయంటే, ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల, లేదా కొండ మీద క్యూలో నిలబడి మధ్యాహ్నం మాత్ర మర్చిపోవడం వల్ల. ఇది గర్భం రాకుండా ఆపే మాత్ర కాదు. కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు వేసుకోకూడదు. ఆపి పది రోజులైనా నెలసరి రాకపోతే కిట్ తీయండి. ఇక కారణం తెలియని స్పాటింగ్ ఉన్నవాళ్లు ఇదే మాత్రతో దాన్ని ఆపుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. మరక మాయమవుతుంది, లోపలున్నది పెరుగుతుంది.

*కలయిక తర్వాత.* ఒకసారి ఒరిపిడి వల్ల కావచ్చు. రెండోసారి కూడా కనిపిస్తే గర్భసంచి ముఖద్వారాన్ని డాక్టరు కంటితో చూడాల్సిందే. అక్కడ చిన్న పాలిప్ ఉండవచ్చు, లోపలి మెత్తటి పొర బయటికి వచ్చి ఉండవచ్చు, క్లమీడియా వంటి ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు. ఇన్‌ఫెక్షన్ అయితే భర్తకీ మందులు వాడాలి, ఒక్కరే వాడితే మళ్లీ మొదటికొస్తుంది. ముఖద్వారం క్యాన్సర్ మొదట పలకరించేది కూడా ఇలాగే. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, భర్తకి సంబంధించిన విషయం కాబట్టి ఎవరితోనూ చెప్పుకోరు. సిగ్గుపడి ఆరు నెలలు ఆగేకంటే డాక్టరుకి ఒక్క వాక్యం చెప్పడం తేలిక: "కలిశాక రక్తం కనిపిస్తోంది." అంతే చాలు, మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

*నలభై దాటాక.* ముట్లు ఆగే ముందు నాలుగైదేళ్లు నెలసరి అటూ ఇటూ అవుతుంది. ఆ పేరు చెప్పి అన్నిటినీ దాని ఖాతాలో వేసేయడం తగదు. నలభై ఐదు దాటాక కొత్తగా మధ్య మధ్యలో రక్తం మొదలైతే గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షించడం అవసరమవుతుంది. లావు, చక్కెర జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.

*ముట్లు ఆగిపోయాక.* వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ఆగిపోయినట్టు. ఆ తర్వాత ఎప్పుడైనా, ఒక్క చుక్కయినా, లేత గులాబీ నీరైనా, వారం పది రోజుల్లోపు గైనకాలజిస్టు చూడాలి. "అమ్మమ్మకి మళ్లీ వచ్చింది, ఒంట్లో సత్తువుంది" అని నవ్వుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆగిన నెలసరి తిరిగి రాదు. ఎక్కువమందిలో హార్మోను తగ్గి యోని పొర పల్చబడటమే కారణం, దానికి తేలికైన మందుంది. కానీ పదిమందిలో సుమారు ఒకరికి అది గర్భసంచి క్యాన్సర్. ఈ దశలో దొరికితే చికిత్స బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది తొందరగానే రక్తం చూపించి తన ఉనికి చెప్పేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వాడుతున్న వాళ్లు ఆ మాత్ర చీటీ కూడా తీసుకెళ్లాలి, అది గర్భసంచి లోపలి పొరను మందం చేయగలదు.

*చిన్నపిల్లల్లో.* పుట్టిన మొదటి వారంలో ఆడపిల్లకి రెండు చుక్కలు కనిపిస్తే భయం లేదు, తల్లి హార్మోన్లు తగ్గడం వల్ల వస్తుంది. ఎనిమిదేళ్లలోపు పాపకి రక్తం కనిపిస్తే మాత్రం ఎప్పుడూ డాక్టరుకి చూపించాలి. దెబ్బ కావచ్చు, లోపల ఏదైనా పెట్టుకుని ఉండవచ్చు, తొందరగా ఈడేరడం కావచ్చు. ఎవరైనా పాపని బాధపెట్టారన్న అనుమానం ఉంటే బట్టలు ఉతక్కుండా, స్నానం చేయించకుండా తీసుకెళ్లండి. పిల్లల సహాయ నంబరు 1098. కొత్తగా పెద్దమనిషైన పిల్లలకి మొదటి రెండు మూడేళ్లు నెలసరి క్రమంగా ఉండదు, దానికి మందులు అక్కర్లేదు. వారం దాటి పోతున్నా, పాప పాలిపోతున్నా హీమోగ్లోబిన్ చూడాలి, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉందేమో కూడా చూడాలి.

ఈలోపు చేయకూడనివి

డెట్టాల్ నీళ్లతో లోపల కడగవద్దు. మందుల షాపులోనో, వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరో "రక్తం ఆగే సూది" వేయించుకోవద్దు. రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ మంచి మందే, కానీ గడ్డలు కట్టే గుణం ఉన్నవాళ్లకి ప్రమాదం, గర్భం తేలకుండా వేసుకోవడం అంతకన్నా తప్పు. నొప్పికి పారాసెటమాల్ చాలు. ఆస్పిరిన్ కలిసిన మాత్రలు రక్తం పోవడాన్ని పెంచుతాయి. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ డాక్టరు రాసి వాడుతున్నవారు మాత్రం సొంతంగా ఆపకూడదు, చీటీ చూపించి అడగాలి. అబార్షన్ మాత్రలు చీటీ లేకుండా కొని మింగేసి, మూడు వారాలుగా మరకలు పోతున్న వాళ్లు ఆ విషయం దాచకుండా చెప్పాలి. లోపల ముక్క మిగిలితే ఆ కథ తెలియని డాక్టరు వేరే దారిలో వెతుకుతారు.

ఆరో పని: ఎక్కడికి, ఏమేం పట్టుకుని

ప్రాణం మీదికి రాని స్పాటింగ్ అయితే వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో మొదలుపెట్టవచ్చు. బీపీ, హీమోగ్లోబిన్, మూత్ర పరీక్ష, గర్భ పరీక్ష అక్కడే అయిపోతాయి. ముప్పై దాటిన వారికి ముఖద్వారం స్క్రీనింగ్ ఎక్కడ చేస్తారో ఏఎన్‌ఎంని అడగండి. గైనకాలజిస్టు కావాలంటే విజయవాడ ప్రభుత్వాసుపత్రి, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్), మంగళగిరి ఎయిమ్స్, తెనాలి చుట్టుపక్కల వాళ్లకి తెనాలి జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. ఓపీ చీటీలు పొద్దున్నే అయిపోతాయి కాబట్టి పెందలాడే చేరండి. ఆధార్, పాత స్కాన్లు, వాడుతున్న మాత్రల అట్టలు తీసుకెళ్లండి, క్యాలెండర్ పేజీ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ప్రైవేటుకి వెళ్లినా ఇవే కాగితాలు. లేకపోతే ప్రతి చోటా అదే స్కాన్ మళ్లీ మళ్లీ తీయించుకోవాల్సి వస్తుంది.

రక్తం పోతోందని డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా వేయొద్దు. "ఆగాక రండి" అన్నది ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే ప్యాప్ స్మియర్ పరీక్షకే గానీ, చూపించుకోవడానికి కాదు. ప్యాప్‌కి ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే మందులు మానాలి. పొట్ట మీద నుంచి స్కాన్ అయితే గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి మూత్రం బిగబట్టుకోవాలి. లోపలి నుంచి, అంటే యోని ద్వారా చేసే స్కాన్ అయితే మూత్రం పోసి వెళ్లాలి. ఇది తెలియక రెండు గంటలు బిగబట్టుకుని కూర్చున్న వాళ్లని వెంటనే బాత్రూంకి పంపడం రోజూ జరిగేదే. కలయిక అనుభవం లేని అమ్మాయిలకి లోపలి స్కాన్ చేయరు, చేయబోతే వద్దని చెప్పండి.

యోనిని తెరిచి చూసే పరికరం, స్పెక్యులంతో చూసేటప్పుడు నొప్పి కంటే బిగుసుకుపోవడమే ఎక్కువ ఇబ్బంది. నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ, నడుము బల్లకి ఆనించి ఉంచితే నిమిషంలో అయిపోతుంది. పక్కన నర్సు ఉండాలని అడగడం మీ హక్కు. ముఖద్వారం మీద వెనిగర్ వంటి పల్చటి ఆమ్లం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లటి మచ్చ కనిపిస్తే అది క్యాన్సర్ అని కాదు, ఇంకా దగ్గరగా చూడాలని అర్థం. రక్త పరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) దాదాపు అందరికీ ఉంటాయి. హీమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే, గర్భిణికైతే 11 కంటే తక్కువైతే, రక్తహీనత. ఐరన్ మాత్ర కాఫీ, టీలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు.

ముట్లాగిన వాళ్ల స్కాన్ రిపోర్టులో ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) మందం అన్న అంకె చూడండి. 4 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువైతే చాలావరకు నిశ్చింత. ఎక్కువైతే ముక్క పరీక్ష. సన్నటి గొట్టంతో ఓపీలోనే తీస్తారు, నెలసరి నొప్పిలాంటి పోటు కొన్ని నిమిషాలుంటుంది. 4 లోపే ఉన్నా రక్తం మళ్లీ మళ్లీ వస్తుంటే ముక్క పరీక్ష అడిగి చేయించుకోండి.

ఎవరైనా "గర్భసంచి తీసేద్దాం" అంటే

దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. "పిల్లలు పుట్టేశారు, ఉంటే క్యాన్సర్ వస్తుంది" అన్న మాట మీద ముప్పై ఐదేళ్లకే ఆపరేషన్లయిపోతున్నాయి. స్పాటింగ్ ఒక్కటే కారణంగా గర్భసంచి తీయడం దాదాపు ఎప్పుడూ అవసరం లేదు. సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి. ముక్క పరీక్ష రిపోర్టు ఏదీ? పాలిప్ అయితే అదొక్కటే తీయలేరా? మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేసి చూశారా? అండాశయాలు ఉంచుతారా? అండాశయాలు కూడా తీసేస్తే ఆ రాత్రి నుంచే ముట్లాగిన లక్షణాలు మొదలవుతాయి, ఎముకలు తొందరగా గుల్లబారతాయి. జవాబులు తేలకపోతే కాగితాలు తీసుకుని ఇంకో గైనకాలజిస్టుని కలవండి. స్పాటింగ్‌కి రెండు వారాలు ఆగి ఇంకో అభిప్రాయం తీసుకునే వ్యవధి ఉంటుంది.

రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే ఆ వ్యవధి లేదు. గుంటూరు జీజీహెచ్ ఆవరణలోనే నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సకి అర్హత ఉందేమో ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కౌంటర్‌లో అడగండి. ముక్క పరీక్ష ఇచ్చి రిపోర్టు తెచ్చుకోని వాళ్లు చాలామంది ఉంటారు. రక్తం ఆగిపోయింది కదా అని మళ్లీ ఆ గుమ్మం తొక్కరు. ఇచ్చిన రోజునే ల్యాబ్ రసీదు మీద రిపోర్టు తేదీ రాయించుకుని, రక్తం ఆగినా సరే ఆ తేదీకి వెళ్లి తెచ్చుకోండి.